అనుభవం లేదు, కవర్ లెటర్‌లో ఏం రాయాలి?

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా మర్రిగూడ మండలం. మహాత్మాగాంధీ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేశాను. అమ్మకు ఆపరేషన్ కావడంతో ఏడాదిపాటు ఇంటి దగ్గరే ఉన్నాను. ఇప్పుడు చౌటుప్పల్ వైపు ఫార్మా కంపెనీల్లో క్యూసీ (క్వాలిటీ కంట్రోల్, అంటే మందుల నాణ్యత పరీక్షించే విభాగం) ట్రైనీ పోస్టులకు అప్లై చేస్తున్నాను. కవర్ లెటర్ కూడా అడుగుతున్నారు. నెట్‌లో దొరికిన లెటర్‌లో కంపెనీ పేరు మార్చి పంపుతున్నాను. ఎవరూ పిలవడం లేదు, చాలా టెన్షన్‌గా ఉంది. మాది పేద రైతు కుటుంబమని, ఉద్యోగం చాలా అవసరమని రాస్తే పనికొస్తుందా? నా లెటర్, రెజ్యూమె పంపుతున్నాను, చూసి చెప్పండి.
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, రెండూ చదివాను. మీ లెటర్ నిండా కష్టపడతాను, త్వరగా నేర్చుకుంటాను, అందరితో కలిసి పనిచేస్తాను అనే మాటలే ఉన్నాయి. రెజ్యూమెలో రెండో పేజీ చివర మాత్రం ఒక లైన్ కనిపించింది: ‘ప్రాజెక్ట్: బోరు నీటిలో ఫ్లోరైడ్ పరిశీలన’. ఫార్మా ఫ్యాక్టరీ హెచ్‌ఆర్ విభాగంలో ఏళ్ల తరబడి దరఖాస్తులు చూసినదాన్ని. మీ కాగితాల్లో నా చూపు ఆగింది ఆ లైన్ దగ్గరే. లెటర్ మొత్తం దాని మీద నిలబడాలి.

క్యూసీ ల్యాబ్‌లో రోజూ జరిగేదేమిటి? శాంపిల్ తీసుకుంటారు, పరికరాన్ని స్టాండర్డ్ ద్రావణాలతో, అంటే గాఢత ముందే తెలిసిన ద్రావణాలతో కాలిబ్రేట్ చేస్తారు (సరిచూస్తారు), రీడింగ్ తీసి అప్పటికప్పుడు రికార్డులో రాస్తారు, ఆ విలువ లిమిట్‌లో ఉందో లేదో చూస్తారు. మీరు మీ ఊరి నీళ్లతో చేసింది కూడా ఇదే. తాగునీటిలో ఫ్లోరైడ్‌కు మన దేశ ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము. వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. మీరు ఆ అంకెతో పోల్చి చూశారు. ఫ్యాక్టరీలో మందుకు ఉండే స్పెసిఫికేషన్‌తో పోల్చి చూస్తారు. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్‌ను తీసేసే పద్ధతికి ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరుంది కదా, ఇంటర్వ్యూలో దాని గురించి కూడా అడగొచ్చు. చదువుకొని వెళ్లండి.

ప్రకటనలో వాళ్లు ఏం అడిగారో ముందు చూడండి. కాలిబ్రేషన్, డాక్యుమెంటేషన్ అని ఉంటే మధ్య పేరా ఇలా రాయొచ్చు:

‘కాలిబ్రేషన్, డాక్యుమెంటేషన్ తెలిసుండాలని మీ ప్రకటనలో ఉంది. ఎమ్మెస్సీ ప్రాజెక్టులో మా మండలంలోని బోర్ల నుంచి నీటి శాంపిళ్లు తెచ్చి, అయాన్ మీటర్‌తో ఫ్లోరైడ్ కొలిచాను. పని మొదలుపెట్టే ముందు మీటర్‌ను స్టాండర్డ్‌లతో కాలిబ్రేట్ చేసేదాన్ని. ఒక్కో శాంపిల్‌కు రెండు రీడింగులు తీసి, తేడా ఎక్కువగా ఉంటే మళ్లీ చేసేదాన్ని.’

ఇందులో మీరు నిజంగా చేసినవే ఉంచండి, చేయనివి తీసేయండి. ఎన్ని శాంపిళ్లో అసలు అంకె వేయండి. హెచ్‌పీఎల్‌సీని (మందులోని పదార్థాలను విడదీసి కొలిచే పరికరం) సొంతంగా నడపకపోతే ‘థియరీ చదివాను, డెమో చూశాను’ అని ఉన్నదున్నట్టు రాయండి. నడిపానని రాస్తే ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే తెలిసిపోతుంది. రికార్డులో తప్పు పడితే వైట్‌నర్ పూయకుండా ఒక్క గీత కొట్టి, సరైన విలువ రాసి, సంతకం, తేదీ వేసే అలవాటు మీకు కాలేజీలోనే అయ్యుంటే ఆ మాట తప్పకుండా రాయండి. ఫ్రెషర్ లెటర్లలో అది కనిపించడం అరుదు. ఫార్మాలో దాని విలువ చాలా ఎక్కువ.

పేదరికం గురించి రాయొద్దు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కానీ అది చదివినవాళ్లకు జాలి కలుగుతుందే తప్ప ల్యాబ్‌లో మీరేం చేయగలరో తెలియదు. అర పేజీ లెటర్‌లో ఆ చోటు మీ పనికి కావాలి. ఏడాది గ్యాప్‌ను మాత్రం దాచకండి. ‘అమ్మ ఆపరేషన్ వల్ల ఏడాది ఇంటి దగ్గర ఉన్నాను, ఇప్పుడు ఆమె కోలుకున్నారు’ అంటే చాలు. తల్లిని చూసుకున్నందుకు మీరు ఎవరికీ క్షమాపణ చెప్పుకోనక్కర్లేదు.

చౌటుప్పల్‌లోనే ఉంటారా, షిఫ్టుల్లో చేస్తారా అన్నది కూడా ఒక వాక్యంలో చెప్పండి. ఫ్యాక్టరీ వాళ్లకు మొదట వచ్చే సందేహం అదే. రాసే ముందు ఇంట్లో మాట్లాడుకోండి.

ఇంగ్లిష్ గురించి బెంగ వద్దు. చిన్న చిన్న వాక్యాలు రాసి, మీ లెక్చరర్‌కు ఒకసారి చూపించండి. లెటర్‌ను మెయిల్‌లోనే పెట్టి, రెజ్యూమె పీడీఎఫ్ జత చేయండి. ఆ ఫైల్‌కు ‘న్యూ ఫైనల్’ అని కాకుండా మీ పేరు పెట్టండి. సబ్జెక్ట్ లైన్‌లో పోస్టు పేరు, ప్రకటనలో జాబ్ కోడ్ ఉంటే అదీ ఉండాలి. మీరు నాకు పంపిన కాపీలో పైన ఒక కంపెనీ పేరు, కింద ఇంకో కంపెనీ పేరు ఉన్నాయి. అలా వస్తే ఎవరైనా అక్కడే పక్కన పెట్టేస్తారు. ఈసారి ఒక్కో కంపెనీకి ఒక్కో లెటర్ కొత్తగా రాయండి. వారం, పది రోజుల్లో జవాబు రాకపోతే అదే మెయిల్ కింద మర్యాదగా రెండు లైన్లు రాసి అడగండి.