ఆల్చిప్పల హద్దు గీసేదెవరు?

ప్రశ్న: మా అబ్బాయి సియాటిల్‌లో ఉంటాడు. పోయిన వేసవిలో మమ్మల్ని వాషింగ్టన్ రాష్ట్రపు పసిఫిక్ తీరానికి తీసుకెళ్లాడు. ఆటు వేళ నీళ్లు వెనక్కి తగ్గాక చూస్తే, రాళ్ల మీద నల్లని ఆల్చిప్పలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పరుచుకొని ఉన్నాయి. ఆ పరుపు కింది అంచు తాడు పట్టి గీసినట్టు ఒకచోట ఆగిపోయింది. దాని దిగువన అంతా సముద్రపు నాచే. నీళ్లలో ఎక్కువసేపు మునిగి ఉండే చోటే వాటికి హాయి కదా, మరి కిందికి ఎందుకు దిగలేదు? నాచు అడ్డుకుంటోందా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మీరు చూసినవి కాలిఫోర్నియా మస్సెల్ అనే జాతి ఆల్చిప్పలై ఉంటాయి. పట్టుదారాల వంటి గట్టి పోగులను తామే స్రవించి, వాటితో రాతిని అంటిపెట్టుకొని బతుకుతాయి. వాటి పై హద్దు సంగతి తేలికగానే చెప్పవచ్చు: అంతకంటే పైన ఎండ తాకిడి ఎక్కువ, నీరు అందే సమయం తక్కువ. కింది హద్దే అసలు ప్రశ్న. దానికి కారణం నాచు కాదు, నక్షత్ర చేప.

ఊదా లేదా నారింజ రంగులో, సాధారణంగా ఐదు చేతులతో ఉండే పైసాస్టర్ అనే ఆ జీవి పోటు వేళ ఆల్చిప్ప మీదికి ఎక్కి, తన వందలాది గొట్టపు పాదాలతో రెండు చిప్పలనూ పట్టి లాగుతుంది. సన్నని సందు దొరికితే చాలు, తన కడుపునే బయటికి తీసి ఆ సందులోంచి లోపలికి జొనిపి, మాంసాన్ని అక్కడే జీర్ణం చేసుకుంటుంది. అయితే నీళ్లు లేనిచోట అది ఎక్కువసేపు నిలవలేదు కనుక, పైనున్న ఆల్చిప్పలు దానికి అంతగా చిక్కవు. మీరు చూసిన ఆ గీత అది మేయగలిగిన ఎత్తు.

దీన్ని ప్రయోగంతో చూపినవారు అమెరికా పర్యావరణ శాస్త్రవేత్త రాబర్ట్ పెయిన్. ఆయన 1963లో అదే రాష్ట్రంలోని మకా అఖాతం దగ్గర సుమారు 8 మీటర్ల పొడవున్న రాతి అంచు నుంచి నక్షత్ర చేపలను పదేపదే ఏరివేస్తూ, పక్క భాగాన్ని తాకకుండా వదిలేశారు. ఏరివేసిన చోట మొదట బార్నకిల్స్ అనే, రాతికి అతుక్కొని బతికే చిన్న పెంకు జీవులు కమ్ముకున్నాయి, తర్వాత ఆల్చిప్పలు వాటిని తొక్కుకుంటూ కిందికి దిగాయి. నాచుకు చోటు కరువైంది, నాచును మేసే జీవులూ తగ్గిపోయాయి. అంతకుముందు 15 జాతులున్న చోట 8 మిగిలాయని ఆయన 1966లో ప్రకటించారు. తాను లేకపోతే చుట్టూ ఉన్న జీవుల అమరికే మారిపోయే ఇటువంటి జీవికి 1969లో ఆయన పెట్టిన 'కీస్టోన్ జాతి' అన్న పేరు ఇప్పుడు పర్యావరణ శాస్త్రమంతటా వాడుకలో ఉంది.

ఇంతమాత్రాన ఆల్చిప్పలను నాచుకు శత్రువులుగా చూడడం న్యాయం కాదని నా అభిప్రాయం. నీళ్లలో కొట్టుకొచ్చే ఆల్చిప్పల పిల్లలు తరచు మొదట పట్టుకునేది పోగుల్లాంటి నాచునే. ఆల్చిప్పలు విసర్జించే నత్రజని చుట్టుపక్కల నాచుకు ఎరువవుతుంది. పరుపు సందుల్లో పురుగులు, పీతలు, నత్తల వంటి వందలాది జాతులు తలదాచుకుంటాయి. చలికాలపు అలలూ, అవి మోసుకొచ్చి రాళ్లకేసి బాదే చెట్ల దుంగలూ పరుపును అక్కడక్కడా చీల్చివేస్తాయి. ఆ ఖాళీల్లోనే చిన్న తాటిచెట్టులా నిటారుగా నిలిచే 'సీ పామ్' అనే నాచు మొలుస్తుంది. ఒక్కొక్కప్పుడు అది ఆల్చిప్పల మీదే వేరూని, పెద్ద అల వచ్చినప్పుడు వాటిని కూడా ఊడబెరుక్కొని పోతుంది. తాను పోతూ తన సంతతికి చోటు చేసే ఆ మొక్కను తలచుకున్నప్పుడల్లా నాకు ఆశ్చర్యమే.

ఈ రెండు హద్దులూ ఇప్పుడు స్థిరంగా లేవు. 2013 నుంచి అలాస్కా మొదలు మెక్సికో దాకా నక్షత్ర చేపలు ఒళ్లు కరిగిపోయే జబ్బుతో కుప్పలుగా చనిపోయాయి. ఆ తర్వాత కొన్ని చోట్ల ఆల్చిప్పలు కిందికి జరిగాయి. పై హద్దు దగ్గర 2021 జూన్ చివరి వడగాడ్పు, పగటిపూట ఆటుతో కలిసి, ఎన్నో ఆల్చిప్పలను రాళ్ల మీదే ఉడికించేసింది. ఒడ్డునున్న సముద్ర జీవులు వంద కోట్లకు పైగా చనిపోయి ఉంటాయని కెనడా శాస్త్రవేత్త క్రిస్ హార్లీ అంచనా వేశారు.

మీ విశాఖ రాళ్ల మీద కూడా నాచు ఎత్తును బట్టి వరుసలుగా పెరుగుతుంది. ఎం. ఉమామహేశ్వరరావు, టి. శ్రీరాములు గార్లు 1964లోనే దీని మీద పరిశోధన ప్రచురించారు. కానీ పైసాస్టర్ ఉత్తర అమెరికా పశ్చిమ తీరపు జీవి, పైగా మన దగ్గర ఆటుపోట్ల ఎత్తు తక్కువ కనుక, అక్కడి కారణాన్ని ఇక్కడికి యథాతథంగా అన్వయించకూడదు.

మళ్లీ సియాటిల్ వెళ్లినప్పుడు ఆ గీతకు కాస్త దిగువన, రాతి పగుళ్లలోకి వంగి చూడండి. నీళ్లు తిరిగొచ్చేదాకా నక్షత్ర చేపలు అక్కడే నక్కి ఉంటాయి. దయచేసి వాటిని పట్టి లాగకండి. గట్టిగా లాగితే గొట్టపు పాదాలు తెగి రాతికే అంటుకుపోతాయి.