చిన్న రైలు, పాత డిపో: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పార్కులో చిన్న రైలు నడపాలని, పాత డిపోను నిలబెట్టాలని పూనుకున్నవాళ్ల ఉత్తరాలు ఈ నెల ఎక్కువగా వచ్చాయి. ఒకే తీరు ప్రశ్నలను కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: మా పార్కులో ముప్పై ఏళ్లుగా ఒక చిన్న ఆవిరి ఇంజన్ దిమ్మె మీద నిలబడి ఉంది. పట్టాల మధ్య దూరం (గేజ్) రెండడుగులు. ఎప్పుడో ఏదో ఫ్యాక్టరీలో పనిచేసిందట. రిటైరైన ఫిట్టర్లం, వెల్డర్లం పదకొండు మందిమి ఉన్నాం. ఆదివారాలు పనిచేసి మళ్లీ నడిపించగలమా? ముందు రంగులు వేయించి, దసరాకు నిప్పు రాజేసి చూద్దామని కొందరి పట్టుదల. (కాజీపేట)

దసరా నిప్పు మాట ఇప్పుడే మానుకోండి. రంగు అన్నిటికంటే ఆఖరు పని. ముందే వేస్తే పగుళ్లు, నీటి చారలు, తుప్పు పొంగులు అన్నీ దాని కింద దాక్కుంటాయి. ఈ ఇంజన్ నడుస్తుందా లేదా అన్నది బాయిలర్ తేలుస్తుంది. తక్కినవన్నీ మీ చేతిలో పనే.

సుత్తి ఎత్తకముందు బాయిలర్ మీది రేకు తొడుగు సంగతి చూడండి. దాని కింద తెల్లగా, పీచుపీచుగా కనిపించేది ఆస్బెస్టాస్ కావచ్చు. పాత ఇంజన్లకు వేడి పోకుండా అదే చుట్టేవారు. పొడిగా గీకితే ఆ పీచు గాలిలో కలిసి ఊపిరితిత్తుల్లో చేరుతుంది, ఏళ్లు గడిచాక జబ్బుగా బయటపడుతుంది. గుడ్డ మాస్కు దాన్ని ఆపలేదు. నమూనా పరీక్ష చేయించండి. ఆస్బెస్టాస్ అని తేలితే ఆ పని తెలిసినవాళ్లకే అప్పగించండి.

తర్వాత బాయిలర్ లోపల కడగడానికి పెట్టిన మర బిరడాలు, అంటే వాషవుట్ ప్లగ్గులన్నీ విప్పాలి. బిగుసుకుపోయినవాటి మీద పొడవాటి పైపు తొడిగి బలం చూపొద్దు. తుప్పు వదిలించే నూనె పోసి రెండు రోజులు ఆగండి. మర తెగిందంటే ఆ రంధ్రానికి కొత్త మర కోయాలి. ప్లగ్గులు వచ్చాక లోపల టార్చి వేసి ముఖ్యంగా చూడాల్సినవి: ఫైర్‌బాక్స్ (నిప్పు మండే గది) అడుగున చుట్టూ ఉండే ఫౌండేషన్ రింగ్ మూలలు, స్మోక్‌బాక్స్ (పొగగొట్టం కింది గది) వైపు ట్యూబ్‌ప్లేటు (ట్యూబుల చివర్లు బిగించే రంధ్రాల ప్లేటు) కింది సగం, బారెల్ (బాయిలర్ గుండ్రటి భాగం) అడుగు భాగం. రింగ్ మూలల్లో బురద గట్టిపడి ప్లేటును తింటుంది. స్మోక్‌బాక్సులో మిగిలిన బూడిదలోని గంధకం వాన చెమ్మతో కలిసి ఆమ్లమవుతుంది. పొగగొట్టానికి మూత లేకుండా ముప్పై వానాకాలాలు నిలబడిన ఇంజన్‌కు ఆ భాగం బాగుండటం అరుదు.

చిన్న సుత్తితో ప్లేటును వరుసగా తట్టుకుంటూ పోండి. గట్టి ప్లేటు ఖంగుమంటుంది. పలచబడినది, పొరలు లేచినది డొల్లగా పలుకుతుంది. షెడ్డులో పనిచేసినవాళ్ల చెవికి ఈ తేడా వెంటనే పట్టుబడుతుంది. చెవికి తెలిసింది కాగితం మీదికీ రావాలి కాబట్టి అల్ట్రాసోనిక్ మీటరుతో మందం కొలిపించండి. 150 మి.మీ. గళ్లు గీసి ఒక్కో గడిలో కొలత రాయాలి, అనుమానం ఉన్నచోట గళ్లు 50 మి.మీ.కు దగ్గరవ్వాలి. వేడి పొగ సాగే ఫైర్‌ట్యూబులన్నీ తీసేసి కొత్తవి వేయడమే మేలు. పాతవి తీస్తేనే బారెల్ లోపలంతా కనబడుతుంది. కొత్త ట్యూబు చివరను ఎక్స్‌పాండర్ అనే పనిముట్టుతో వెడల్పు చేసి బిగించేటప్పుడు, చెమ్మ కారుతోందని మళ్లీ మళ్లీ వెడల్పు చేస్తే ట్యూబ్‌ప్లేటు రంధ్రమే సాగిపోతుంది. అప్పుడు ట్యూబు కాదు, ప్లేటు మార్చాల్సి వస్తుంది.

ఆ కొలతలను బట్టి ఎంత పీడనం తట్టుకుంటుందో అర్హత ఉన్న బాయిలర్ ఇంజనీరు లెక్కగట్టాలి. హైడ్రాలిక్ పరీక్ష ఆయన ఎదుటే జరగాలి. సాధారణంగా పని పీడనానికి ఒకటిన్నర రెట్లు పెడతారు, అంటే చదరపు సెంటీమీటరుకు 10 కిలోల బాయిలర్‌కు 15 కిలోలు. ఇక్కడ ప్రాణం మీదికి తెచ్చే తప్పు ఒకటుంది: లోపల గాలి మిగలడం. నీరు నొక్కుకుపోదు కాబట్టి ప్లేటు చిట్లినా కొంచెం చిమ్మి ఆగిపోతుంది. నొక్కుకుని ఉన్న గాలి మాత్రం బాంబులా పేలుతుంది. అన్నిటికంటే ఎత్తున ఉన్న ప్లగ్గు తెరిచి, నీళ్లు పొంగి పొర్లేదాకా నింపి, అది బిగించాకే పంపు కొట్టండి.

ఇవన్నీ దాటాకే నిప్పు. ఈ సైజు ఇంజన్‌కు చల్లటి స్థితి నుంచి ఆవిరి వచ్చేసరికి నాలుగు గంటలైనా ఇవ్వండి. ఫైర్‌బాక్స్ వేడెక్కి సాగుతుంటే బారెల్ అడుగు ఇంకా చల్లగానే ఉంటుంది. తొందరపెడితే ట్యూబులు కారతాయి, ప్లేట్లను కలిపి పట్టి ఉంచే స్టేలు తెగుతాయి. పీడనం రాగానే నీటి మట్టం చూపే రెండు గేజ్ గ్లాసులనూ ఆవిరితో ఊది చూడాలి. కుళాయి మూసి తెరిచినప్పుడు నీరు చటుక్కున పైకి లేవాలి. నెమ్మదిగా పాకుతూ వస్తే దారి మూసుకుపోతోందని అర్థం, గ్లాసు మీకు తప్పు మట్టం చూపిస్తోంది.

బాయిలర్ పనికిరాదని తేలితే ఇంజన్‌ను బొమ్మగా ఉంచి శుభ్రంగా కాపాడండి, బోగీలను చిన్న డీజిల్ ఇంజన్‌తో లాగించండి. అదీ గౌరవమైన పనే.

ప్రశ్న: పార్కుల బోరు ఉన్నది, నీళ్లకు కొదవ లేదు. అవే ఇంజన్ల పోస్తే ఏమైతది? (హనుమకొండ)

బాయిలర్ పాడవుతుంది, అదీ మీరు అనుకున్నదానికంటే త్వరగా. మన రాతినేల బోర్లలో చాలాచోట్ల నీళ్లు కఠినం, అంటే కరిగిన ఖనిజాలు ఎక్కువ. ఇంట్లో గిన్నె అడుగున తెల్లగా పట్టేదే బాయిలర్‌లో ట్యూబుల మీద పడుతుంది. లెక్క చూడండి: లీటరుకు 500 మిల్లీగ్రాముల కఠినత్వం ఉన్న నీళ్లు రోజుకు 1000 లీటర్లు ఆవిరైతే, లోపల మిగిలేది దాదాపు అరకిలో. ఏడాదికి యాభై ఆదివారాలు నడిపితే పాతిక కిలోలు. ఆ పొర వేడిని నీటికి అందనివ్వదు, ప్లేటు దాని వెనక అతిగా కాగి మెత్తబడి ఉబ్బుతుంది.

ముందు నీళ్లు పరీక్ష చేయించండి. చెరువు నీళ్లు, నదీజలాలు శుద్ధిచేసి ఇచ్చే మిషన్ భగీరథ నీళ్లు బోరు నీళ్లకంటే మెత్తన. అనుమతి తీసుకుని వాడొచ్చు. అన్నిటికన్నా మంచివి మీ షెడ్డు కప్పు మీది వాన నీళ్లు. మన దగ్గర ఏడాదికి 900 మి.మీ. వాన అనుకుంటే, వంద చదరపు మీటర్ల కప్పు మీద 90 వేల లీటర్లు పడతాయి. మొదటి వాన నీళ్లు వదిలేసి, తర్వాతివి వడగట్టి నిల్వ చేస్తే అందులో డెబ్బై వేల లీటర్లయినా దక్కుతాయి. పైన లెక్కగట్టిన యాభై ఆదివారాలకు అవి సరిపోతాయి.

వాన నీళ్లను కూడా ఉన్నవి ఉన్నట్టు పోయకూడదు. బాయిలర్ నీటి పీహెచ్ 10.5 నుంచి 11.5 మధ్య ఉండేలా సోడా యాష్ గానీ బాయిలర్ మందు గానీ కలపాలి, లేకపోతే తుప్పు. అలాగని చేతికొచ్చినంత వేస్తే నీరు నురగెత్తి ఆవిరితోపాటు సిలిండర్లలోకి పోతుంది. నీరు నొక్కుకుపోదని పైన చెప్పాం కదా, పిస్టన్ దాన్ని గుద్దితే సిలిండర్ మూత పగులుతుంది. నూనె కలిసిన బకెట్టుతో నీళ్లు పోసినా ఇదే గతి. నడిపిన రోజు కొద్దిసేపు బ్లోడౌన్ కుళాయి తెరిచి అడుగు బురద బయటికి పంపండి. ఎన్ని రోజులకోసారి వాషవుట్ చేయాలన్నది లోపల కనబడిన బురదే చెబుతుంది. మొదట్లో ఏడెనిమిది నడకలకోసారి తెరిచి చూసుకోండి.

ప్రశ్న: సింగరేణి బొగ్గు దగ్గర్లోనే దొరుకుతుంది. చిన్న ఇంజన్‌కు పనికొస్తుందా? (మంచిర్యాల)

పనికొస్తుంది. 1889లో ఇల్లందులో తవ్వకం మొదలైనప్పటి నుంచి ఈ ప్రాంతపు రైళ్లు ఆ బొగ్గుతోనే నడిచాయి. కాకపోతే అందులో బూడిద ఎక్కువ. అతిగా వేడెక్కితే బూడిద కరిగి క్లింకర్ ముద్దలుగా నిప్పు కింది ఇనుప కడ్డీల గ్రేటుకు అతుక్కుంటుంది, గాలి దారులు మూసుకుపోతాయి, ఆవిరి పడిపోతుంది. పిడికిలికంటే చిన్న ముక్కలు తీసుకోండి. చూరను జల్లెడ పట్టి వేరు చేయండి. నిప్పు మందం 10 నుంచి 15 సెంటీమీటర్లు దాటనివ్వకుండా, ఒక్కసారే నాలుగు పారలు కాకుండా ఒక్కో పార తరచుగా వేయండి. తలుపు తెరిచి ఉంచి కబుర్లు చెప్పుకుంటే చల్లగాలి నేరుగా ట్యూబుల మీదికి పోయి కీళ్లు కారతాయి.

మార్చి నుంచి జూన్ దాకా ఎండుగడ్డి మీద ఒక్క నిప్పురవ్వ చాలు. స్మోక్‌బాక్సులో జాలీ ఉండాలి, చిరుగు లేదని నడిపే ప్రతి ఉదయం చూడాలి. పట్టాల పక్కన రెండు మీటర్ల మేర గడ్డి కోయించండి.

ప్రశ్న: పాత డిపో గదిని మా చేతికిచ్చారు. రాతి గోడలు. ఇదివరకు ఎవరో సిమెంటు పూత పూశారు, ఇప్పుడు నడుము ఎత్తు దాకా పెచ్చులు ఊడి తెల్లగా ఉప్పు పూస్తోంది. మళ్లీ గట్టి సిమెంటు కొట్టిస్తే ఆగుతుందా? (జమ్మికుంట)

ఆగదు, ఇంకా పైకి ఎక్కుతుంది. వరంగల్ మీదుగా బెజవాడకు లైను 1889లో పూర్తయింది. మీ ఊరి మీదుగా వెళ్లే కాజీపేట–బల్లార్షా లైను 1929 నాటికి కలిసింది. ఆ రోజుల గోడల్లో ఎక్కువగా కనిపించేది సున్నం పనే. సున్నం గోడ నేల చెమ్మను పీల్చి, గాలికి వదిలేస్తుంది. పైన సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోతుంది. చెమ్మ లోపలే ఎక్కుతూ పోయి, సిమెంటు అంచు దాటిన చోట ఉప్పుతో సహా బయటపడుతుంది.

కాబట్టి తాపీ పట్టకముందు పార పట్టండి. గోడ చుట్టూ బయటి నేల ఎంత ఎత్తుందో చూడండి. మన పట్టణాల్లో రోడ్డు మీద రోడ్డు వేసి గది నేల కంటే బయటే ఎత్తయిపోతుంది, వాన నీళ్లు పునాదిలోకే పోతాయి. నేలను గది మట్టానికి కనీసం అడుగు కిందికి దించి, గోడకు దూరంగా వాలు ఇచ్చి కాలువ తీయండి. కప్పు మీద మంగళూరు పెంకులుంటే పగిలినవి మార్చండి. కింది టేకు వాసాల చివర్లు గోడలోకి దూరే చోట స్క్రూడ్రైవరుతో గుచ్చి చూడండి. మెత్తగా దిగిందంటే చెద గానీ కుళ్లు గానీ ఉంది. అంతా అయ్యాక ఒక ఎండాకాలం గోడను ఊరికే ఆరనివ్వండి.

అప్పుడు సిమెంటును చిన్న ఉలితో రాయి అంచు పోకుండా తీయాలి. గ్రైండర్ పెట్టొద్దు. కీళ్లను 20 నుంచి 25 మి.మీ. లోతు గీకి, కడిగి, ఒక పాలు సున్నం, మూడు పాళ్లు జల్లించిన ఇసుకతో నింపండి. కాల్చిన సున్నపు రాళ్లను నీళ్లలో వేసి, అవి విరిగాక కనీసం మూడు వారాలు నీటి కింద మగ్గనివ్వాలి. సరిగా మగ్గని గడ్డ గోడలోకి పోయాక ఉబ్బి, పూతను చిన్న గుంటలా ఎగదన్నుతుంది. బెల్లం నీళ్లు, కరక్కాయ ఊట కలపడం మన పాత మేస్త్రీల పద్ధతి. తెలిసిన మేస్త్రీ దొరికితే ఆయన పాళ్ల ప్రకారమే వేయించండి, కొలత తెలియకుండా కలపొద్దు. ఈ పనికి కార్తీకం నుంచి మాఘం దాకా మంచి కాలం. తడి గోనెలు కప్పి పది రోజులు ఆరకుండా చూసుకోండి. ఎండకు ఒక్క రోజులో ఆరిన సున్నం వేలితో గీస్తే పొడిగా రాలుతుంది.

ప్రశ్న: జనవరిలో పట్టాలు వేశాం, ఎంతో అందంగా కుదిరాయి. మేలో వంపు దగ్గర పాములా మెలిక తిరిగాయి. కంకర తక్కువైందా? (మహబూబాబాద్)

కంకరా కొంత కారణం కావచ్చు, అసలు కారణం కీళ్ల మధ్య ఖాళీ. చలికాలం ఉదయం పట్టా 15 డిగ్రీలుంటే, మే మధ్యాహ్నం 65 దాకా పోతుంది. ఎండలో ఉన్న ఇనుము గాలి కంటే 20 డిగ్రీలు ఎక్కువ వేడెక్కడం మామూలే. ఆ 50 డిగ్రీల తేడాకు 10 మీటర్ల పట్టా దాదాపు 5.75 మి.మీ. సాగుతుంది. మీరు చలిలో కొసకు కొస ఆనించి బిగించారు, సాగడానికి చోటు లేక పక్కకు తిరిగింది. పట్టా 40 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు వేస్తే 3 మి.మీ. రేకు ముక్క కీలులో పెట్టి బిగించి తీసేయండి. చలిలో వేయక తప్పకపోతే 6 మి.మీ. పెట్టండి. కీలు దగ్గర రెండు పట్టాలను కలిపే ఫిష్‌ప్లేటు పట్టాకు ఆనే చోట ఏడాదికోసారి చలికాలంలో గ్రాఫైట్, కిరోసిన్ కలిపిన ముద్ద రాయాలి. తుప్పు పట్టి బిగుసుకున్న కీలులో ఖాళీ ఉన్నా లేనట్టే. వంపు బయటి వైపు స్లీపరు చివర దాటి కంకర కట్ట కనీసం అడుగు వెడల్పు ఉండేలా చూడండి.

ప్రశ్న: పార్కు రైలుకు రైల్వే అనుమతి కావాలా? (డోర్నకల్)

రైల్వే చట్టం 1989 నిర్వచనంలోనే, పార్కుల్లో, ఎగ్జిబిషన్ మైదానాల్లో కేవలం వినోదం కోసం వేసిన పట్టాలు 'రైల్వే' కిందికి రావని ఉంది. దాంతో బరువంతా మీ మీద, స్థలం ఇచ్చినవారి మీద పడుతుంది. మున్సిపాలిటీతో రాతపూర్వక ఒప్పందం, బాయిలర్ సర్టిఫికెట్, ప్రయాణికులకూ వాలంటీర్లకూ బీమా లేకుండా ఒక్క టికెట్టు కూడా కోయొద్దు. రైల్వే వారి స్థలంలో ఉన్న పాత సామాను మాత్రం వేరే సంగతి. అడక్కుండా అడుగుపెడితే 147వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

ప్రశ్న: మూడు బోగీలు, ఆదివారం రద్దీ. కనీసం ఎంతమందిమి ఉండాలి? (పెద్దపల్లి)

ఇంజన్ మీద ఇద్దరు, చివరి బోగీలో బ్రేకు దగ్గర గార్డు, ప్లాట్‌ఫారం మీద ఇద్దరు, జనం దాటే చోట ఒకరు. ఆరుగురు లేని రోజు నడపకండి. బయల్దేరేముందు గార్డు తన బ్రేకు వేసి, డ్రైవరు మెల్లగా లాగి చూడాలి. చక్రం తిరగకుండా పట్టా మీద జారితేనే బ్రేకు పట్టినట్టు. రైలు వెనక్కి నడపాల్సి వస్తే ముందు కొసన ఒకరు ఈలతో కూర్చోవాలి. ఆ మనిషి డ్రైవరుకు కనబడకపోయినా, ఈల వినబడకపోయినా రైలు అక్కడికక్కడే ఆగాలి. ఆఖరి ట్రిప్పు అయ్యాక నాలుగు చక్రాలకూ చెక్క మొద్దులు పెట్టి, హ్యాండ్‌బ్రేకు బిగించి, గేజ్ గ్లాసు కుళాయిలు మూసి, పొగగొట్టానికి మూత పెట్టాకే షెడ్డు తాళం వేయండి.