ఫాల్స్ సీలింగ్ వెనక దాచిన స్లాబ్

ప్రశ్న: సార్, విజయవాడలో రీసేల్‌లో ఫ్లాట్ కొన్నాం, కట్టి తొమ్మిదేళ్లయింది. పై అంతస్తు. చూసినప్పుడు కొత్త ఫాల్స్ సీలింగ్, కొత్త పెయింటు, బ్రహ్మాండంగా ఉంది. మొదటి వానకే సీలింగ్ ఉబ్బితే విప్పి చూశాం, స్లాబ్ పెచ్చులూడి చువ్వలు తుప్పు పట్టి ఉన్నాయి. పాత ఓనరు అసోసియేషన్‌కి కంప్లయింట్ కూడా ఇచ్చాడట, వాచ్‌మన్ చెప్పాడు. ఆయన్నడిగితే "ఉన్నది ఉన్నట్టు కొంటున్నామని డీడ్‌లో సంతకం పెట్టారుగా" అంటున్నాడు. మా డబ్బు తిరిగొస్తుందా?
ఒక పాఠకురాలు

జవాబు: దారి ఉంది మేడమ్, కానీ కేసంతా ఆయనకి ముందే తెలుసని మీరు చూపించగలరా లేదా అన్నదాని మీదే ఉంటుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 55 ప్రకారం, కొనేవాళ్లు మామూలు జాగ్రత్తతో చూసినా కనపడని పెద్ద లోపం తనకి తెలిసుంటే అమ్మేవాడే చెప్పాలి, చెప్పకపోతే మోసం కిందే లెక్క. ఇక్కడ చెప్పకపోవడమే కాదు, తెలిసే సీలింగ్ వేసి కప్పేశాడని తేలితే మోసం అంటే ఏంటో చెప్పే కాంట్రాక్టు చట్టం సెక్షన్ 17 కూడా తగులుతుంది. డీడ్‌లో ఆ లైను ఉన్నంత మాత్రాన తెలిసి చేసిన మోసం మాఫీ అవదు, అవతలి లాయరు మాత్రం దాన్నే పట్టుకుని వేలాడతాడు చూడండి.

అందుకే వాచ్‌మన్ మాట ఒక్కటే చాలదు. అసోసియేషన్ మినిట్స్ బుక్‌లో ఆ కంప్లయింట్ ఉందా, వాట్సాప్ గ్రూపులో ఆయన పెట్టిన ఫొటోలు ఉన్నాయా, సీలింగ్ వేసిన మేస్త్రీ ఎవరు, ఇవి పట్టుకోండి. రిపేరు ఇప్పుడే మొదలుపెట్టకండి, ముందు స్ట్రక్చరల్ ఇంజినీరు చేత ఖర్చు అంచనాతో సహా రిపోర్టు రాయించండి, స్లాబ్ ప్రమాదంగా ఉందంటే మాత్రం ఆ గదిలో పడుకోకండి.

రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) గురించి చాలామంది అడుగుతారు, అది బిల్డరు మీద, అదీ పొసెషన్ ఇచ్చిన 5 ఏళ్లలోపు బయటపడ్డ లోపాలకి, మీకు పనికిరాదు. సొంత ఫ్లాట్ అమ్ముకున్న మనిషి మీద కన్స్యూమర్ కేసు కూడా మామూలుగా నిలవదు. పోలీసుల దగ్గరకెళ్తే సివిల్ మేటర్ అని పంపించేసే అవకాశమే ఎక్కువ.

మిగిలింది సివిల్ కోర్టు. డీడ్ రద్దు చేయమని అడగొచ్చు గానీ అదే ఇంట్లో ఉంటూ, రిపేర్లు చేయించుకుంటూ రద్దు అడిగితే కేసు బలహీనపడుతుంది, నా ఉద్దేశంలో రిపేరు ఖర్చు, తగ్గిన విలువ నష్టపరిహారంగా అడగడమే మేలు. మోసం బయటపడ్డ దగ్గర్నుంచి 3 ఏళ్ల గడువు, అయినా సాగదీయకండి, ముందు లాయరు నోటీసు పంపిస్తే చాలామంది అక్కడే బేరానికి వస్తారు. ఇంకోటి, మీ పైన ఉన్నది టెర్రస్ కదా, సాధారణంగా అది అందరి ఉమ్మడి ఆస్తి, వాటర్‌ప్రూఫింగ్ ఖర్చు అసోసియేషన్ని కూడా రాతపూర్వకంగా అడగండి.