చిటికెన వేలి తిమ్మిరికి మూలం మోచేతిలో

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. వయసు 22. ఉద్యోగ ప్రయత్నాల్లో ఉన్నాను. రాత్రి పది నుంచి రెండింటి దాకా నలుగురు స్నేహితులతో కలిసి కంప్యూటర్‌లో వాలరెంట్ అనే తుపాకుల ఆట ఆడతాను. రెండు నెలలుగా కుడిచేతి చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతున్నాయి. తెల్లవారుజామున ఆ తిమ్మిరికే మెలకువ వస్తోంది. నాన్నగారు కొబ్బరి కొట్టులో లెక్కలు రాసుకున్న పాత టేకు బల్ల మీద కంప్యూటర్ పెట్టుకున్నాను. ఊళ్లో నరాల బలహీనత అని ఐదు బీ12 ఇంజెక్షన్లు చేశారు. గుణం కనిపించలేదు. ఆట మానేయాల్సిందేనా?

జవాబు: వేళ్ల పేర్లు రాసి నా పని సగం తగ్గించారు. ‘చెయ్యంతా లాగుతోంది’ అని రాసేవారే ఎక్కువ. బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు మొద్దుబారితే మణికట్టును అనుమానిస్తాం. మీరు చెప్పిన రెండు వేళ్లయితే ముందుగా చూడాల్సింది మోచేతిని. మోచేయి గోడకు తగిలితే జివ్వుమంటుందే, అది అల్నార్ నరం. ఈ రెండు వేళ్లకూ వెళ్లేది అదే. మోచేతి దగ్గర ఎముకను ఆనుకుని చర్మం కిందే ఉంటుంది.

ఇక ఆ బల్ల. ఒకసారి కూర్చుని చూసుకోండి, మోచేయి సరిగ్గా దాని అంచు మీదే ఆనుతోందేమో. మడిచిన చేతిలో నరం ముందే సాగి ఉంటుంది, దానికి టేకు అంచు ఒత్తిడి తోడవుతుంది. కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచండి, అంచుకు తువ్వాలు మడిచి కట్టండి. పడుకునేటప్పుడు మోచేతికి మరో తువ్వాలు వదులుగా చుట్టుకుంటే నిద్రలో చెయ్యి పూర్తిగా ముడుచుకోదు. తెల్లవారుజాము తిమ్మిరికి ఇది బాగా పనిచేస్తుంది.

ఆట పూర్తిగా మానక్కర్లేదు. మా ఇంట్లోనూ ఇది ఉంది కాబట్టి కాస్త తెలుసు: 13 రౌండ్లు ముందు గెలిచిన జట్టుదే ఆట, మధ్యలో లేస్తే మిగతా నలుగురూ తిట్టుకుంటారు. అందుకే లేవమనను. రౌండుకు ముందు ఆయుధాలు కొనుక్కోవడానికి 30 సెకన్లు ఇస్తారు కదా, అప్పుడు మౌసు వదిలి చెయ్యి చాపండి. మీ ఆటగాడు ముందే చనిపోతే ఇంకా మంచిది, రౌండు ముగిసేదాకా చేతికి విశ్రాంతే. రాత్రి రెండింటిదాకా మాత్రం వద్దు. ఎన్ని ఆటలో మొదలుపెట్టే ముందే స్నేహితులతో చెప్పుకోండి.

బీ12 లోపంతో వచ్చే తిమ్మిరి సాధారణంగా రెండు పాదాల్లో మొదలవుతుంది, ఒక చేతి రెండు వేళ్లలో కాదు. రక్తపరీక్ష లేకుండా ఆరో ఇంజెక్షన్ చేయించుకోకండి. ‘నరాల బలహీనత’ అనే మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య కండ పలచబడినా, ఆ రెండు వేళ్లతో పట్టుకున్న కాగితం జారిపోతున్నా, మెడనొప్పి చేతిలోకి పాకుతున్నా ఆగకుండా న్యూరాలజిస్టుకు చూపించండి. ఒంటి మీద స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ ఉందేమో కూడా చూసుకోండి. కుష్ఠు కూడా ఈ నరాన్నే పట్టుకుంటుంది. మందులు ప్రభుత్వాసుపత్రిలో ఉచితం, వ్యాధి నయమవుతుంది. ఇవేవీ లేకుంటే ఆరు వారాలు పైజాగ్రత్తలు పాటించండి. అప్పటికీ తగ్గకపోతే కాకినాడ వెళ్లి నరాల ప్రసరణ పరీక్ష (నరంలో సంకేతాలు సరిగా సాగుతున్నాయో లేదో చూసేది) చేయించుకోండి.