షెడ్యూల్‌లో లేని పేరు కోసం

చిరంజీవి ప్రదీప్‌కి,

అత్తయ్య ఆశీస్సులు. నీలా ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవనివ్వని, కుదురుగా ఉండనివ్వని స్థితి) ఉన్నవాళ్ళకి చట్టం అండ కావాలని, వచ్చే నెల ఇందిరా పార్కు ధర్నా చౌక్‌లో కూర్చుంటామని రాశావు. మీటింగులో అందరి ముందూ మీ మేనేజర్ అన్న మాటలు చదివి నా కడుపు రగిలిపోయింది. ధర్నా వద్దనను. అయితే అక్కడికి వచ్చే విలేఖరి "మీ డిమాండ్ ఏమిటండీ?" అంటే ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. "మాకు న్యాయం కావాలి" అంటే ఎవరూ కాదనరు, ఎవరూ ఏమీ చెయ్యరు కూడా. ఏ అధికారి ఏ కాగితం మీద సంతకం పెడితే మీ పని అవుతుందో ముందు తేల్చుకోండి.

దానికి చట్టం చేతిలో పెట్టుకుని కూర్చోవాలి నాన్నా. 1995 నాటి దివ్యాంగుల చట్టంలో ఏడు వైకల్యాలే ఉండేవి. మన శ్రీకర్‌కి ఆటిజం అని డాక్టర్లు చెప్పేనాటికి ఆ ఏడింటిలో ఆటిజం లేదు. 1999లో వచ్చిన నేషనల్ ట్రస్ట్ చట్టంలో చేర్చారు గానీ, బడిలో చేర్చుకోబోమన్నవాళ్ళని నిలదీయడానికి అది అక్కరకు రాలేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంతో ఆ ఏడూ ఇరవై ఒకటయ్యాయి. ఆటిజం వచ్చింది. డిస్లెక్సియా, డిస్‌గ్రాఫియా, డిస్కాల్కులియా లాంటివి, అంటే చదవడంలో, రాయడంలో, లెక్కల్లో వచ్చే ఇబ్బందులు, అభ్యసన వైకల్యాల కింద వచ్చాయి. ఏడీహెచ్‌డీ పేరు మాత్రం షెడ్యూల్‌లో, అంటే ఆ చట్టం చివర ఉన్న వైకల్యాల జాబితాలో, లేదు.

అలాగని కొత్త చట్టం కోసం పార్లమెంటు చుట్టూ తిరగక్కర్లేదు. సెక్షన్ 99 తీసి చదువు. షెడ్యూల్‌ని మార్చే అధికారం కేంద్ర ప్రభుత్వానికి ఉంది, ఒక్క నోటిఫికేషన్ చాలు. ఆ మార్పుకి రాష్ట్ర ప్రభుత్వం కూడా సిఫారసు చెయ్యొచ్చని అదే సెక్షన్ చెబుతోంది. అంటే మీ మొదటి మజిలీ ఢిల్లీ కాదు, మన సచివాలయం. "సెక్షన్ 99 కింద ఏడీహెచ్‌డీని షెడ్యూల్‌లో చేర్చమని రాష్ట్ర ప్రభుత్వం కేంద్రానికి సిఫారసు చెయ్యాలి" అన్నది మీ డిమాండ్ కావాలి. విలేఖరికీ అదే, మంత్రికీ అదే, మీ బ్యానర్ మీదా అదే.

ఈ మాట అనగానే ఒక వ్యతిరేకత వస్తుంది, అదీ మనవాళ్ళ దగ్గర్నుంచే. ప్రభుత్వోద్యోగాల్లో దివ్యాంగులకి ఉన్నది 4 శాతం రిజర్వేషన్. అందులో ఆటిజం, మేధో వైకల్యం, అభ్యసన వైకల్యం, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యాలు అన్నిటికీ కలిపి ఒకే ఒక్క శాతం. "ఆ ఒక్క శాతానికి ఇంకొకళ్ళు తయారయ్యారా?" అని అడిగే తల్లిదండ్రులు ఉంటారు. వాళ్ళ భయం నాకు తెలుసు, నేనూ ఆ వరసలో నిలబడ్డదాన్నే. వాళ్ళతో వాదం పెట్టుకోకు. రిజర్వేషన్ వేరు, వివక్ష నుంచి రక్షణ వేరు అని విడమరిచి చెప్పు. రిజర్వేషన్‌కి 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ కావాలి, రక్షణకి ఆ గీత లేదు.

ఇది నా సొంత కవిత్వం కాదు. వికాస్ కుమార్ అనే సివిల్స్ అభ్యర్థికి రాసేటప్పుడు చెయ్యి పట్టేసే నాడీ సమస్య ఉంది. మెడికల్ బోర్డు వైకల్యం 6 శాతం అని తేల్చింది, యూపీఎస్సీ స్క్రైబ్‌ని, అంటే బదులుగా రాసిపెట్టే సహాయకుణ్ణి, ఇవ్వనంది. 40 శాతం లేదని సహాయకుణ్ణి నిరాకరించడం చెల్లదని 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తగిన సర్దుబాటు చెయ్యకపోవడం కూడా వివక్షేనని సెక్షన్ 2(హెచ్)లోనే ఉంది. ఆ తీర్పు ప్రింటు తీసి మీ గుంపులో అందరిచేతా చదివించు. ఆరు శాతం ఉన్న ఒక్క మనిషి పట్టు విడవకపోతే ఎంత దూరం వెళ్ళాడో చూడండి.

నీలాంటి ప్రైవేటు ఉద్యోగుల సంగతి ఇంకాస్త కష్టం. ఉద్యోగంలో వివక్ష చూపకూడదన్న సెక్షన్ 20 ప్రభుత్వ సంస్థల్నే కట్టడి చేస్తుంది. ఇది పెద్ద లోటు, దీని మీద గట్టిగానే మాట్లాడాలి. అయితే సెక్షన్ 21 ప్రైవేటు సంస్థలకీ వర్తిస్తుంది. ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానం రాసుకుని దాని నకలుని కమిషనర్ దగ్గర నమోదు చేయించాలి. కాబట్టి రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్ ఆఫీసుకి సమాచార హక్కు కింద పది రూపాయల ఫీజుతో ఒక దరఖాస్తు పెట్టు: "ఇప్పటివరకు ఎన్ని ప్రైవేటు సంస్థలు నమోదు చేయించాయి? వాటి జాబితా ఇవ్వండి." ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ఆ జవాబు ఏదైనా సరే, ప్రెస్‌మీట్‌లో నీ ఉపన్యాసం కంటే అదే ఎక్కువ పనిచేస్తుంది.

అర్జీ రాసే తీరు గురించి చెప్పాలి. మా పేరెంట్స్ గ్రూపులో ఒకావిడ, కొడుక్కి డిస్లెక్సియా. "మా బాబు చదువులో వెనకబడ్డాడు, దయచేసి సహకరించగలరు" అని బడికి ఎన్ని ఉత్తరాలు రాసినా ఉలుకూ పలుకూ లేదు. చివరికి మేమంతా కూర్చుని నాలుగు వాక్యాలు రాశాం. బాబు పేరు, సర్టిఫికెట్ వివరం. సెక్షన్ 17(ఐ) ప్రకారం పరీక్షలో అదనపు సమయం, రెండో భాష నుంచి మినహాయింపు కోరుతున్నాం. ఇవ్వకపోతే కారణం రాతపూర్వకంగా తెలపండి. నకలు: రాష్ట్ర కమిషనర్‌కి. ప్రిన్సిపాల్ వారంలో పిలిచి మాట్లాడారు, అదనపు సమయం ఇచ్చారు. భాష మినహాయింపుకి ఇంకా చాలా తిరగాల్సొచ్చింది. నువ్వు కూడా అలాగే రాయి. నీ ఇబ్బందిని ఒక పేజీ వర్ణించకు. "నోటిమాటగా చెప్పిన పనిని అదేరోజు మెయిల్‌లో రాసి పంపాలి" అని నీకు కావలసిందేదో తేల్చి అడుగు.

అధికారులు జనం దగ్గర అర్జీలు తీసుకునే ప్రజావాణికి వెళ్తే రెండు కాపీలు తీసుకెళ్ళు. రెండో దాని మీద తేదీ, ఇన్‌వర్డ్ నంబరు, ముద్ర పడేదాకా ఆ కౌంటరు దగ్గర్నుంచి కదలకు. సాక్షుల్ని పిలిపించడం, రికార్డులు తెప్పించడం లాంటి విషయాల్లో దివ్యాంగుల కమిషనర్‌కి సివిల్ కోర్టు అధికారాలున్నాయి. ఆయన సిఫారసు చేస్తే మూడు నెలల్లోగా ఏం చేశారో అది అందుకున్న శాఖ చెప్పాలి. ఆ గడువుని క్యాలెండర్‌లో రాసుకునే పని మీలో ఒకరికి అప్పగించు. నీకు తేదీలు గుర్తుండవు, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, ఆ పని ఇంకొకళ్ళు చేస్తారు.

ఒంటరిగా మాత్రం వెళ్ళొద్దు. ఈ చట్టాల కోసం దేశమంతా తిరిగిన జావేద్ అబిదీ వీల్‌చైర్‌లో ఉండేవారు. చూపు లేనివాళ్ళూ వినపడనివాళ్ళూ ఆయన పక్కన నడిచారు, అందుకే కదిలింది. నువ్వూ బధిరుల సంఘం దగ్గరికి వెళ్ళు, వాళ్ళ సభలో వెనక వరసలో కూర్చుని విను. వాళ్ళ అర్జీ మీద నీ సంతకం పడ్డాకే నీ అర్జీ మీద వాళ్ళ సంతకం అడుగు.

ఇంకొకటి, దీనిలో బేరం లేదు. పిల్లల్ని వేదిక ఎక్కించొద్దు. టీవీ వాళ్ళు "ఒక్క బైట్ అండీ" అని ఎంత బతిమాలినా సరే. శ్రీకర్ ఏడుస్తున్న ఫోటో ఒకటి అడక్కుండా పేపర్లో వేశారు. వాడికిప్పుడు ముప్పై దాటాయి, ఇప్పటికీ అది ఎవరో ఒకరు తీసి చూపిస్తూనే ఉంటారు. పెద్దవాళ్ళయినా తమ పేరు బయటపెట్టాలో వద్దో తామే తేల్చుకోవాలి. ఆఫీసులో చెప్పకుండా దాచుకున్నవాళ్ళు మీ గుంపులోనే ఉంటారు. హాజరు పట్టిక ఫోటో తీసి గ్రూపులో పెట్టే అలవాటు ఉంటే ఇవాళే మానెయ్యండి.

సచివాలయానికి ఇచ్చే వినతిపత్రం ముసాయిదా రాసి పంపు, ఒక్క పేజీకి మించకూడదు. సెక్షన్ నంబర్లు నేను సరిచూస్తాను. ఫోన్ చేసేటట్టయితే సాయంత్రం ఆరు దాటాక చెయ్యి, అప్పటికి శ్రీకర్ వర్క్‌షాప్ నుంచి వచ్చేసి ఉంటాడు.

ఆశీస్సులతో,
సరోజినీ అత్తయ్య