కయాక్ ఒక్కటి కొంటే ఇద్దరికీ సరిపోతుందా?

ప్రశ్న: నా బరువు 86 కిలోలు, మా చెల్లెది 52. సోమశిల దగ్గర కృష్ణా వెనుక జలాల్లో మామూలు కయాక్ నడపడం అలవాటైంది. ఇక మహారాష్ట్రలో కోలాడ్ దగ్గరి కుండలిక నదికి, ఆ తర్వాత రిషికేశ్‌కు పోవాలని ఉంది. ఇద్దరికీ కలిపి క్రీక్ బోట్ అనే రకం కయాక్ ఒకటి కొంటే చాలంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, కొల్లాపూర్

జవాబు: చాలదు. నది కయాక్ సైజును పొడవుతో పాటు, లోపలి ఖాళీని కొలిచే లీటర్లలోనూ చెబుతారు. మీ బరువుకు హెల్మెట్, లైఫ్ జాకెట్, తడి బట్టలు కలిపి ఇంకో ఆరేడు కిలోలు వేసుకోండి. ఆ మొత్తం కంపెనీ ఇచ్చిన బరువు పరిధిలో మధ్యకు రావాలి, చివరకు కాదు. మీకు సరిపోయే 300 లీటర్ల పడవలో మీ చెల్లె కూర్చుంటే అది బెండులా పైనే తేలుతుంది, తుంటితో ఎంత నొక్కినా పక్కకు వాలదు. ఇబ్బంది వచ్చేది అక్కడే. రాయి వెనక నిలకడ నీటిలోంచి ప్రవాహంలోకి తిరిగేటప్పుడు పడవను దిగువ వైపుకు వాల్చాలి. వాల్చకపోతే వచ్చే నీరు ఎగువ అంచు మీదికెక్కి క్షణంలో బోర్లా వేస్తుంది. అదే ఆమె పడవలో మీరు ఎక్కితే వెనక భాగం మునిగి, ముక్కు పైకి లేస్తుంది.

క్రీక్ బోట్ అడుగు గుండ్రంగా, రెండు కొనలూ పైకి వంగి ఉంటాయి. నిటారుగా దూకే రాళ్ల వాగులకు అది సరైనది. కుండలికకు తప్పేం లేదు కానీ, పడవను అంచు మీదికి వాల్చి నడిపే పని నేర్చుకోవడం ఆలస్యమవుతుంది. మా ఓటు రివర్ రన్నర్‌కే: ఎనిమిదిన్నర, తొమ్మిది అడుగుల పొడవు, కాస్త చదునైన అడుగు, తెలిసే అంచులు. గంగలోని పెద్ద అలలు దాటడానికి ఆ పొడవు, వేగం అక్కరకొస్తాయి. అలల మీద విన్యాసాలకు వాడే ఆరడుగుల ప్లేబోట్ జోలికి ఇప్పుడే పోవద్దు. డబ్బు ఒక్కదానికే ఉంటే చిన్న సైజు మీ చెల్లెకు కొని, మీరు అద్దెకు తీసుకోండి. తెడ్డు 200 సెంటీమీటర్లు మించొద్దు. కుండలికలో నీరు భీరా జలవిద్యుత్ కేంద్రం నుంచి ఉదయం వదిలేదే, వేళ కనుక్కుని వెళ్లండి.

పోయే ముందు సోమశిల మడుగులోనే బోర్లా పడి బయటికి రావడం, ఆ తర్వాత రోల్ (పడవలో ఉండే దాన్ని మళ్లీ నిలబెట్టడం) సాధన చేయండి, పక్కన మనిషిని పెట్టుకుని. నీరు రాకుండా నడుము చుట్టూ పడవ నోటిని మూసే స్కర్ట్‌ను లాగే పట్టీ బయటే ఉందో లేదో ప్రతిసారీ చేత్తో తడిమి చూసుకోవాలి. వెనక గాలి సంచులు తప్పనిసరి. అవి లేని పడవ నిండితే రెండు వందల కిలోలకు పైగా నీరు పడుతుంది, ఒడ్డుకు లాగడం ఇద్దరి వల్ల కాదు.

ప్రశ్న: మూసీ కత్వ (నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్ట) దూకుతోంది. ఎత్తు నాలుగడుగులే. కయాక్‌తో దిగొచ్చా?
– వలిగొండ పాఠకుడు

జవాబు: వద్దు. ఎత్తు కాదు సమస్య. రాళ్ల మధ్య పడే నీటికి ఏదో ఒక పక్క దారి ఉంటుంది. కత్వ కింద మాత్రం ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా నీరు ఒకే తీరుగా వెనక్కి తిరుగుతుంది. లైఫ్ జాకెట్ ఉన్నా మనిషిని మళ్లీ మళ్లీ గోడ కిందికే లాగుతుంది. పడవ మోసుకుని ఒడ్డు మీదుగా దాటండి. మూసీ నీరు నోట్లోకి పోవడం వేరే సంగతి.

ప్రశ్న: డాబా మీద రెండు కర్రలపై పెడితే కయాక్ అడుగు సొట్టపోయింది.
– మిర్యాలగూడ పాఠకురాలు

జవాబు: ప్లాస్టిక్ ఎండకు మెత్తబడి, పడవ బరువంతా రెండు చోట్లే పడింది. కర్రలు తీసేసి, సొట్ట ఎండకు వేడెక్కేలా బోర్లించండి. వేడెక్కాక లోపలి నుంచి అరచేత్తో నొక్కితే చాలా వరకు సర్దుకుంటుంది. ఇక మీద నీడలో, పక్కకు పడుకోబెట్టి ఉంచండి. చీలిక కూడా ఉంటే జిగురు అంటదు. దాని రెండు కొనల్లో చిన్న రంధ్రాలు వేసి పాకకుండా ఆపి, అదే రకం ప్లాస్టిక్ కడ్డీతో వెల్డింగ్ చేయించాలి.