టెక్ సందేహాలు: పాత త్రీడీ టీవీ 20 వేలకు ఇస్తామంటున్నారు, తీసుకోమంటారా?

ప్రశ్న: బెంగళూరులో ఉండే మా బావగారు ఇల్లు మారుతూ తన 55 అంగుళాల త్రీడీ టీవీని 20 వేలకు ఇస్తానంటున్నారు. 2013లో కొన్నారు. నాలుగు జతల అద్దాలు కూడా ఉన్నాయి. పిల్లలు అప్పుడే సంబరపడిపోతున్నారు. ఇంట్లో త్రీడీ నిజంగా బాగుంటుందా? పిల్లల కళ్లకు ఇబ్బందేమీ లేదు కదా? (అనంతపురం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: త్రీడీ కోసమే అయితే వద్దండి. బావగారి మాట కాదనలేక తీసుకున్నా, పన్నెండేళ్లు దాటిన మామూలు టీవీకి ఎంత ఇస్తారో అంతే ఇవ్వండి. 20 వేలు చాలా ఎక్కువ. ఇంకాస్త కలుపుకుంటే 43 అంగుళాల కొత్త ఫోర్‌కే టీవీ గ్యారంటీతో సహా వస్తుంది.

ఎందుకు వద్దంటున్నానో చెబుతాను. 2009 డిసెంబరులో ‘అవతార్’ విడుదలయ్యాక టీవీ కంపెనీలన్నీ త్రీడీ మీద పడ్డాయి. 2010లో సామ్‌సంగ్, పానసోనిక్, సోనీ, ఎల్‌జీ వరుసగా త్రీడీ టీవీలు దించాయి. అమెరికాలో ఈఎస్‌పీఎన్ ఆ ఏడాది జూన్‌లోనే త్రీడీ ఛానల్ పెట్టి, చూసేవాళ్లు లేక 2013లో మూసేసింది. బీబీసీ కూడా 2013లోనే త్రీడీ కార్యక్రమాలు ఆపేసింది. 2016లో సామ్‌సంగ్, 2017లో ఎల్‌జీ, సోనీ కొత్త మోడళ్లలో త్రీడీని తీసేశాయి. అంటే మీరు కొనాలనుకుంటున్న టీవీకి చూపించడానికి బొమ్మే దొరకదు. మన కేబుల్లో త్రీడీ ఛానల్ లేదు. థియేటర్లో త్రీడీలో ఆడిన సినిమా కూడా ఓటీటీకి వచ్చేసరికి మామూలు బొమ్మగానే వస్తుంది. మిగిలింది త్రీడీ బ్లూ-రే డిస్కులు, అంటే డీవీడీల తర్వాత వచ్చిన, ఇంకా స్పష్టమైన బొమ్మనిచ్చే డిస్కులు. వాటికి వేరే ప్లేయర్ కావాలి, డిస్కులేమో మన ఊళ్లలో దొరకవు. తర్వాత వచ్చిన ఫోర్‌కే బ్లూ-రే డిస్కుల్లో త్రీడీకి అసలు చోటే ఇవ్వలేదు.

రిమోట్‌లో బటన్ నొక్కితే మామూలు సినిమాను త్రీడీగా మారుస్తుందని బావగారు చెప్పే ఉంటారు. నిజమే, మారుస్తుంది. కానీ ఏది దగ్గర, ఏది దూరం అన్నది టీవీ తనకు తోచినట్టు ఊహించుకుంటుంది. మనుషులు అట్టముక్కలు కత్తిరించి వరసగా నిలబెట్టినట్టు కనిపిస్తారు. పిల్లలు రెండు రోజులు చూసి వదిలేస్తారు.

నా సొంత అనుభవం కూడా చెప్పాలి. కర్నూలులో మా ఇంటికి 2012లో ఒక త్రీడీ టీవీ తెచ్చాను. సముద్రం అడుగున తీసిన డాక్యుమెంటరీ మొదటిసారి వేసినప్పుడు ఇంటిల్లిపాదీ మాటల్లేకుండా చూశాం. ఆ లోతు నిజం, దాన్ని తక్కువ చేయను. కానీ మనం ఇంట్లో టీవీ చూసే తీరు వేరు. ఒకరు అన్నం తింటూ చూస్తారు, ఒకరు కుళాయి నీళ్లొచ్చాయని లేచిపోతారు, మధ్యలో చుట్టాలొస్తారు. అద్దాలు లేనివాళ్లకు తెరమీద రెండు బొమ్మలు కలగలిసి మసకగా కనిపిస్తాయి. మా నాన్నగారు కళ్లజోడు మీద ఇంకో జోడు పెట్టుకోలేక ముక్కు నొప్పని తీసేసేవారు. ఆయన తీసేశారంటే ఆయన కోసం త్రీడీ ఆపేసి అందరం మామూలు బొమ్మే చూసేవాళ్లం. మూడు నెలలయ్యాక ఆ అద్దాలు బీరువాలోకి వెళ్లిపోయాయి.

మీ బావగారి టీవీ ఏ రకమో ముందు అడగండి. అద్దాలకు బ్యాటరీ ఉంటే అది యాక్టివ్ రకం. తెర మీద ఎడమకంటి బొమ్మ, కుడికంటి బొమ్మ ఒకదాని తర్వాత ఒకటి చకచకా మారుతుంటే, అద్దాలు అదే వేగంతో ఒక్కో కంటిని మూసి తెరుస్తుంటాయి. ప్రతి కంటికీ సగం సమయం చీకటే కాబట్టి వెలుతురు బాగా తగ్గుతుంది. ట్యూబ్‌లైటు వేసి ఉంటే గదంతా మిణుకుమిణుకుమంటుంది. పాత అద్దాల్లో బ్యాటరీలు ఈపాటికి చచ్చిపోయి ఉండొచ్చు, కొత్తవి దొరకడం కష్టం.

థియేటర్లో ఇచ్చేలాంటి తేలికపాటి అద్దాలైతే అది పాసివ్ రకం. కళ్లకు కాస్త హాయి. కానీ ఫుల్ హెచ్‌డీలో ఉన్న 1080 గీతల్లో ఒక్కో కంటికి 540 మాత్రమే వస్తాయి. పైగా కళ్లు తెర మధ్యకు సమానమైన ఎత్తులో ఉండాలి. మన ఇళ్లలో టీవీ గోడకు పైన ఉంటుంది, పిల్లలు కింద చాప మీద కూర్చుంటారు. కింది నుంచి చూస్తే ఒకటి రెండై నీడల్లా కనిపిస్తుంది. ఏ రకమైనా సరే, మంచం మీద పక్కకు ఒరిగి పడుకుని చూశారంటే త్రీడీ పోతుంది. కళ్లు రెండూ అడ్డంగా ఉంటాయనుకునే ఈ బొమ్మలు తీస్తారు.

పిల్లల కళ్ల విషయం. మన రెండు కళ్ల మధ్య దూరం ఆరు సెంటీమీటర్ల పైచిలుకు. అందుకే రెండు కళ్లకూ బొమ్మ కాస్త తేడాగా పడుతుంది, ఆ తేడాతోనే మెదడు లోతు పోల్చుకుంటుంది. త్రీడీలో చూపులు రెండూ తెర ముందో వెనకో కలుస్తాయి, కంట్లోని కటకం మాత్రం తెర మీదే ఫోకస్ పెట్టాలి. ఈ లాగులాటకే తలనొప్పి, కళ్లు లాగడం. దీనివల్ల కళ్లు పాడైపోతాయని ఎవరూ రుజువు చేయలేదు కాబట్టి ఆ టెన్షన్ వద్దు. మధ్యమధ్య ఆపి చూడనివ్వండి. కానీ అందరికీ లోతు కనిపిస్తూ ఒక్క బిడ్డకే కనిపించకపోతే మాత్రం దయచేసి తేలిగ్గా తీసుకోకండి. మెల్లకన్ను గానీ, ఒక కంట్లో చూపు మందగించడం గానీ ఉండొచ్చు. చిన్న వయసులో కనిపెడితేనే బాగా నయమవుతుంది. వెంటనే కంటి డాక్టరుకు చూపించండి.

ఇంత చెప్పినా తీసుకుంటానంటే, డబ్బిచ్చే ముందు గంటసేపు ఆన్‌లో ఉంచి తెల్లటి తెర పెట్టి చూడండి. నల్ల మచ్చలు, నిలువు గీతలు ఉంటే వదిలేయండి. ఆ కాలం టీవీల్లో యాప్‌లు చాలావరకు ఇప్పుడు పనిచేయవు, టీవీకి గుచ్చి ఓటీటీలు చూసే ఫైర్ స్టిక్ లాంటిది వేరే పెట్టుకోవాలి. బెంగళూరు నుంచి తెచ్చేటప్పుడు టీవీని ఎప్పుడూ పడుకోబెట్టొద్దు, నిలబెట్టే తేవాలి.

ప్రశ్న: త్రీడీ సినిమాల కోసం కళ్లకు తగిలించుకునే వీఆర్ హెడ్‌సెట్ మేలంటున్నారు, నిజమేనా? (కడప నుంచి ఒక విద్యార్థిని)

జవాబు: బొమ్మ వరకు నిజమేనమ్మా. ఒక్కో కంటికి విడిగా బొమ్మ వస్తుంది కాబట్టి నీడలుండవు, వెలుగు సగానికి పడిపోదు. కానీ ఒక్కరే చూడాలి. దాదాపు అర కిలో బరువు, మన ఎండల్లో ఏసీ లేని గదిలో ముఖమంతా చెమట పడుతుంది. సినిమాల కొరత దీనికీ ఉంది. ఆటలు కూడా ఆడతానంటేనే కొను. ఇంట్లో పదేళ్లలోపు తమ్ముడో చెల్లెలో ఉంటే వాళ్లకివ్వద్దు, మెటా క్వెస్ట్ అనే వీఆర్ హెడ్‌సెట్ చేసేవాళ్లే పదేళ్లు నిండాలని నియమం పెట్టారు.

ప్రశ్న: ప్రొజెక్టర్‌తో ఇంట్లో త్రీడీ వీలవుతుందా? (ఆదోని నుంచి ఒక పాఠకుడు)

జవాబు: అవుతుంది. ఇంట్లో త్రీడీ చూసి తీరాలనేవాళ్లకు నేను చెప్పేది ఇదే, ఎందుకంటే తెర పెద్దదయ్యేకొద్దీ ఆ లోతు బాగా తెలుస్తుంది. డీఎల్‌పీ రకం (సూక్ష్మమైన అద్దాలున్న చిప్‌తో బొమ్మ వేసే) ప్రొజెక్టర్లలో త్రీడీ ఉన్న మోడళ్లు ఇప్పటికీ వస్తున్నాయి. ఆన్‌లైన్లో ఐదారు వేలకు అమ్మేవాటి మీద త్రీడీ అని రాసి ఉన్నా నమ్మకండి, చాలావాటిలో అది ఎరుపు-నీలం కాగితం అద్దాల త్రీడీయే. గది బాగా చీకటిగా ఉండాలి. కళ్లకు పెట్టుకునే అద్దాలు డీఎల్‌పీ-లింక్ రకంవే (ప్రొజెక్టర్ వెలుగులోని సంకేతాన్ని బట్టి మూసి తెరుచుకునేవి) కొనండి, టీవీతో వచ్చినవి వీటికి పనికిరావు.